పెద్దనాయన మొక్కులు, బసమ్మ కాళ్ళు

మా పెద్దనాయన మాణిక్యప్ప పటేల్ చేయని యాత్ర ఈ చుట్టుపట్ల లేదు. ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి దగ్గరికి పదకొండుసార్లు కాలినడకన వెళ్ళాడు. బీదర్‌లో ఛాతీలోతు నీళ్ళలో నడిచి ఝరణీ నరసింహుణ్ణి నాలుగుసార్లు దర్శించుకున్నాడు. ఏడుపాయల దుర్గమ్మ దగ్గర మంజీరలో మునిగాడు. హుమ్నాబాద్ వీరభద్రుడి దగ్గర పొర్లుదండాలు పెట్టాడు. ఇక బోరంచ నల్లపోచమ్మకు ఆయన చేసిన మంగళవారాలు లెక్కపెట్టాలంటే ఇంటిల్లిపాది వేళ్ళూ కలిపినా చాలవు. ఇంత తిరిగినా ఆయన అరికాళ్ళు పసిపిల్లాడి బుగ్గల్లా మెత్తగా ఉండేవి. ఎందుకంటే ఆయన ఇల్లు కదల్లేదు. నడిచింది బసమ్మ.

ఈ మాట బయటపెడితే మా ఇంటి పరువు పోతుందంటారు మావాళ్ళు. పోనీ. ఆ పరువును ఇరవై ఏళ్ళు నెత్తిన మోసిన మనిషి గురించి వీళ్ళలో ఒక్కరూ నోరు విప్పరు. పెద్దనాయన ఫోటో మా నడింట్లో గోడకుంది, దండ వేసి, కింద ‘యాత్రల పటేల్’ అని రాయించి. బసమ్మకు ఫోటో లేదు. అందుకని ఆమె సంగతి నేను రాస్తున్నాను. నా పేరు బసవరాజ్, పటేల్ తమ్ముడి కొడుకును. ఈ కథలో నేను కూడా పెద్ద మంచివాణ్ణేం కాదు. ఆ సంగతి ముందే చెప్పిపెడుతున్నాను, తర్వాత నన్ను అనకండి.

మా ఊరు ఖేడ్‌కు కోసెడు దూరం. కాగితాల్లో నారాయణఖేడ్ అని ఉంటుంది గాని నోటితో ఎవరూ అంత పొడుగు అనరు. బసమ్మ పుట్టింది అక్కడికి పడమర, నాగల్‌గిద్ద వైపు. మాటల్లో అక్కడక్కడా కన్నడం దొర్లేది. ఆమె మొగుడు సంగప్ప మా ఇంట్లో జీతగాడుగా ఉండి, ఎద్దు పొడిచి చచ్చిపోయాడు. ఆ ఎద్దు మాది. అందుకు పెద్దనాయన ఎంతో దయతలచి పశువుల కొట్టం పక్కన ఒక గుడిసె చూపించి ఉండమన్నాడు. పిల్లాపాపా లేని బసమ్మ పెండ తీస్తూ, పిడకలు కొడుతూ అక్కడే ఉండిపోయింది.

ఒక వానాకాలం పెద్దనాయనకు చలిజ్వరం పట్టుకుంది. దవాఖాన మందు మింగుతూనే, ఎందుకైనా మంచిదని సంగమేశ్వరుడికి మొక్కాడు. జ్వరం తగ్గితే చెప్పుల్లేకుండా ఝరాసంగం నడిచి వస్తానన్నాడు. జ్వరం తగ్గింది. నడక మిగిలింది. రెండు రోజుల దారి, నల్లరేగడి, తుమ్మముళ్ళు. ఆయన వాకిట్లోకి వచ్చి ఒకసారి చెప్పులు విప్పి నేల మీద కాలు పెట్టి చూశాడు. మళ్ళీ తొడుక్కున్నాడు.

అప్పుడు మా ఊరి గుడి అయ్య దేవప్పను పిలిపించారు. దేవప్ప దేవుడికి ఎంత దగ్గరో మా వంటింటికి అంతకంటే దగ్గర. ఆయనకు శాస్త్రం ఎప్పుడూ మా ఇంట్లో పెరుగన్నం తిన్నాకే తట్టేది. ఆ రోజూ తిన్నాక తట్టింది.

“రోగి పోలేడు, రాజు పోలేడు. అసుంటోళ్ళు తమ బదులు మనిషిని తోలొచ్చు పటేలా. నీ రుమాలు ఆ మనిషి నెత్తి మీద ఉండాలె. ముగ్గురి ముంగట మాట ఇయ్యాలె. ఇగ ఆ మనిషి నువ్వే” అన్నాడు.

పెద్దనాయన తలకు చుట్టుకునే ఎర్ర రుమాలు తీసి, పిడకలు కొడుతున్న బసమ్మను పిలిచి ఆమె నెత్తి మీద పెట్టాడు. ముగ్గురి ముందు దేవప్ప చెప్పినట్టే చెప్పాడు. “నా కాళ్ళు నీయి, నా నోరు నీది. నువ్వు నడిస్తె నేను నడిసినట్టు. నువ్వు చెప్తె నేను చెప్పినట్టు.” బసమ్మకు రెండు కుంచాల జొన్నలు ఇస్తానన్నాడు. ఆమె చేతులు కడుక్కుని బయలుదేరింది.

దారిలో ఆ ఎర్ర రుమాలును చూసినవాళ్ళు “పటేల్ మొక్కుకు పోతుండు” అని పక్కకు తప్పుకుని దండం పెట్టేవాళ్ళు. రుమాలు లేకుండా బసమ్మ వస్తుంటే తప్పుకున్నవాడు ఒక్కడూ లేడు. గుడికి చేరాక ఆమె చెప్పవలసిన మాట కూడా దేవప్పే నేర్పాడు. “మాణిక్యప్ప పటేల్ వచ్చిండు” అని మొదలుపెట్టి, ఆ పైన అంతా ‘నేను’ అంటూ పటేల్ చెప్పినట్టే చెప్పాలి.

ఒకసారి చవగ్గా పుణ్యం దొరికాక ఊరుకుంటాడా మనిషి. బర్రె ఈనితే మొక్కు, పన్ను నొప్పి పోతే మొక్కు, పక్కూరి పటేల్ కాలు విరిగితే మొక్కు. కొడుకు పుడితే తలనీలాలు ఇస్తానన్నాడు. కొడుకు పుట్టాడు. బసమ్మ గుండు చేయించుకుని వచ్చింది. ఆ వారమంతా పెద్దనాయన అద్దం ముందు కూర్చుని జుట్టుకు నూనె పట్టించుకుంటూ, “ఏందోరా బసవరాజు, గుండు జేస్కున్న సంది నెత్తి తేలికైంది” అనేవాడు. నవ్వులాటకు అంటున్నాడేమో అని మొహంలోకి చూశాను. నవ్వులాట కాదు.

బసమ్మ ఉపవాసం ఉండే సోమవారాలు మా ఇంట్లో పోలెలు, అదే బొబ్బట్లు, చేసేవాళ్ళు. ఉపవాసం అటు జరిగిపోతూనే ఉంది కదా, ఇంక నోరు కట్టుకోవడమెందుకు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు చూశారా, మా ఇంట్లో కడుపొకరిది పుణ్యమొకరిది. నేనూ తిన్నాను ఆ పోలెలు. బాగుండేవి.

ఒక్కసారి మాత్రం ఈ ఏర్పాటు ఎదురు తిరిగింది. ఝరాసంగం నుంచి తిరిగి వస్తూ, రెండు పూటల ఆకలికి తట్టుకోలేక, బసమ్మ దారి పక్క చేనులో నాలుగు పచ్చి కందికాయలు ఒలుచుకుని తిన్నది. ఎవరో చూసి ఆ మాట మా ఇంటికి మోశారు. దేవప్ప పంచాంగం మూసి తీర్పు చెప్పాడు. “ఆమె నోరు పటేల్ నోరు. తిన్నది పటేలే. ఉపాసం జెడ్డది పటేల్‌ది.” పెద్దనాయన అప్పుడు రెండో పోలె మీద ఉన్నాడు. లేచి ఇరవై ఒక్కసార్లు నోరు పుక్కిలించాడు. అయిదు కొబ్బరికాయలు సమర్పించుకున్నాడు. ప్రాయశ్చిత్తంగా మర్నాడు పొద్దుగూకేదాకా ఒట్టి మంచినీళ్ళు తాగి ఉన్నాడు. ఆయన జన్మలో చేసిన అసలైన ఉపవాసం అదొక్కటే, ఆ రోజు ఆయన ఆకలికి ఇల్లంతా తిట్లు తిన్నది.

ఆయన భార్య, మా పెద్దమ్మ శివమ్మ, బసమ్మను కొట్టం దగ్గర నిలబెట్టి గడ్డి పెట్టింది. “మొక్కుల ఉన్నప్పుడు నీ నాలిక నీది గాదు, పటేల్‌ది. నువ్వేం తిన్నా, ఏం తాగినా, ఏం చెప్పినా అది పటేల్ జేసినట్టే. యాదికుంచుకో.”

“హౌదమ్మా” అంది బసమ్మ. అవునని. ఆమె ఏ మాటా అంత తొందరగా మర్చిపోయే మనిషి కాదు.

ఇట్లా ఇరవై ఏళ్ళు. జాతరలో మొదటి కొబ్బరికాయ పెద్దనాయనకే ఇచ్చేవాళ్ళు, అన్ని యాత్రలు చేసిన మనిషి మరొకడు లేడు గనుక. బసమ్మ మడిమలు మాత్రం ఎండిన చెరువు లాగా పగిలిపోయాయి.

ఇప్పుడు ఈరయ్య సంగతి చెప్పాలి. ఊరు దాటి బోరంచ దారి పట్టగానే ఎడమ పక్క ఈరయ్య చెల్క, మూడెకరాల మెట్ట నేల. వాళ్ళ నాయన కాలంలోనే మెథడిస్టు మిషన్ వాళ్ళ బోధ విని ఆ కుటుంబం కిరస్తానంలో కలిసింది. ఈరయ్య, అతని భార్య లిదియా, ఇద్దరు పిల్లలు ఆదివారం ఆదివారం ఖేడ్‌కు ప్రార్థనకు పోయేవాళ్ళు. దీని మీద మా ఊరి పెద్దలకు మహా కోపం. తాము గుడి గడప తొక్కనివ్వని వాళ్ళు వేరే గుడి చూసుకుంటే వీళ్ళకు కోపమెందుకో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

ఆ చెల్కలో రాళ్ళు ఏరింది ఈరయ్య నాయన. నాలుగు ఎండాకాలాలు గుంత తవ్వి బావి చేసింది ఈరయ్య, లిదియా. అయిదో ఏడు తియ్యటి నీళ్ళు పడ్డాయి. రాళ్ళున్నన్నాళ్ళు ఆ చెల్క ఈరయ్యది. నీళ్ళు పడ్డ మర్నాటి నుంచి అది తాతల నాటి తన భూమి అని మా పెద్దనాయనకు గుర్తుకొచ్చింది.

ఆ బావికీ బసమ్మకూ ఒక సంబంధం ఉంది. అది అప్పటికి ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఒక మంగళవారం బోరంచ నుంచి కుంటుతూ తిరిగి వస్తుంటే లిదియా చూసి, “అవ్వా, జర కూసో, కాళ్ళకెల్లి నెత్తురు గారుతుంది” అని పిలిచింది. చెంబుతో నీళ్ళు ఇచ్చింది. బసమ్మ చెంబు పట్టుకుని దారికి అటు చూసింది, ఇటు చూసింది. ఎవరూ లేరు. గటగటా తాగేసింది. లిదియా ఆమె మడిమలకు ఆముదం వెచ్చబెట్టి రాసింది. సంగప్ప పోయాక తన ఒంటి మీద ఇంకో మనిషి చెయ్యి పడడం అదే మొదలని బసమ్మ నాతో తర్వాతెప్పుడో అన్నది. అప్పటినుంచి ప్రతి బోరంచ మొక్కుకూ అక్కడ ఆగేది. పటేల్ రుమాలు నెత్తి మీద ఉండగానే తాగేది.

ఫసలీ పదమూడు వందల నలభై అయిదులో, అంటే ఇంగ్లీషు లెక్కన పందొమ్మిది వందల ముప్ఫై అయిదులో, పెద్దనాయన చెల్క కోసం ఖేడ్ కచేరీలో అర్జీ పెట్టాడు. ఆ అర్జీ రాసింది నేనే. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, చదువుకున్న ఉర్దూ చేతిలో ఉంది, తినే తిండి పెద్దనాయనది. అబద్ధమని తెలుసు. తెలిసే ముత్యాల్లాంటి దస్తూరితో రాసిపెట్టాను.

విచారణ రోజు మా వైపు కట్టెడు కాగితాలు, ఈరయ్య వైపు ఒట్టి చేతులు. అతను మున్సిఫ్ ముందు చేతులు కట్టుకుని ఇలా అన్నాడు. “సాబ్, కాగితాలు నాకు సదువరాదు. పటేల్ బోరంచకు రావాలె. తడిబట్టల మీద నల్లపోచమ్మ ముంగట ఈ చెల్క నాది అని ఒక్క మాట చెప్పాలె. చెప్తె నేను మల్ల నోరెత్త. పెండ్లాం పిల్లలను దీస్కోని పట్నం పోత.”

మున్సిఫ్‌కు ఆశ్చర్యమేసింది. “నువ్వు కిరస్తానోడివి గదా, పోచమ్మను నమ్ముతవా?” అని అడిగాడు.

“నేను నమ్మకుంటె ఏంది సాబ్. పటేల్ నమ్ముతడు” అన్నాడు ఈరయ్య.

కచేరీ నిండా జనం. అందరూ పెద్దనాయన వైపు తిరిగారు. ఆయన మీసం దువ్వి, ఆలోచించకుండా “తయ్యార్” అనేశాడు. ఉభయులూ ఒప్పుకున్నారు, ప్రమాణంలో ఏం చెబితే అదే ఖాయం అని కాగితం అయిపోయింది. రెండు వారాలు దాటాక వచ్చే మంగళవారం బోరంచలో ప్రమాణం, దాన్ని రాసుకోవడానికి కచేరీ నుంచి అమీన్ వస్తాడు.

తిరుగుదారిలో బండి సగం దూరం వచ్చాక పెద్దనాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. పోచమ్మ ముందు అబద్ధం చెబితే నలభై రోజుల్లో కళ్ళు పోతాయని మా వైపు నమ్మకం. అట్లా కళ్ళు పోయినవాణ్ణి నేను చూడలేదు. అబద్ధాలాడి నిక్షేపంగా చూపుతో తిరిగేవాళ్ళను మాత్రం చాలామందిని చూశాను. కానీ పెద్దనాయనకు నమ్మకమే. పక్కవాడి భూమి లాక్కోవడానికి భయపడడు, ఆ సంగతి దేవతకు చెప్పడానికి భయపడతాడు. మా ఊళ్ళో దీన్నే భక్తి అంటారు.

మూడు రోజులు కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడాడు. పోలెలు చేస్తే వద్దన్నాడు. నాలుగో రోజు పొద్దున కొట్టం వైపు చూస్తూ పళ్ళు తోముకుంటున్నవాడు హఠాత్తుగా తేరుకున్నాడు.

“బసమ్మ ఉన్నది గద” అన్నాడు.

“ప్రమాణానికి గూడనా పెద్దనాయనా?” అన్నాను.

“ఎందుకు చెల్లదురా? నడిసింది చెల్లింది, ఉపాసం చెల్లింది, గుండు చెల్లింది. ఇరవై ఏండ్ల సంది ఊరంత ఒప్పుకుంటుంది. గీ ఒక్క మాటనే చెల్లదా?”

దేవప్పను పిలిచారు. మీసానికి పెరుగు అంటుకుని ఉండగానే చెల్లుతుందన్నాడు. అమీన్ ఊళ్ళోకి వచ్చి అడిగితే పెద్దలంతా ఒక్క గొంతుతో “మా పటేల్ మొక్కులన్నీ గట్లనే సాబ్” అన్నారు. అమీన్ జాగ్రత్తపరుడు. నోటిమాట చాలదు, రాసివ్వమన్నాడు. ‘బసమ్మ నోట వచ్చేది నా నోట వచ్చినట్టే, దానికి నేను కట్టుబడి ఉంటాను’ అని పెద్దనాయన దస్కత్ పెట్టి ఇచ్చాడు. ఆ కాగితమూ నేనే రాశాను.

ఈ మాట ఈరయ్య చెవిన పడింది. మా కొట్టం పక్క గుడిసెలో ఉంటూ మా జొన్నలు తినే మనిషి మాకు ఎదురు చెప్తుందా? ఊరంతా ఒకటై చెల్లుతుందంటుంటే తానొక్కడు కాదంటే వినేదెవరు? “అవ్వనే దెచ్చిన్రా” అన్నాడు, అంతే. లిదియా ఆ పూటే గిన్నెలు, బట్టలు మూట కట్టడం మొదలుపెట్టింది. చెల్కలో కంది పూత మీద ఉంది.

బసమ్మకు చెప్పే పని నాకే అప్పగించారు. పిడకలు కొడుతోంది. విషయం చెప్పాను.

“నేనేం జెప్పాలె?” అంది చెయ్యి ఆపకుండా.

“చెల్క నాది అని. పటేల్ చెప్పినట్టు.”

కాసేపు పిడకలు కొట్టింది. తర్వాత అడిగింది. “లేని మాట చెప్తె కండ్లు పోతయంటరు. ఎవలియి పోతయి చిన్న పటేలా? పటేల్‌యా, నాయా?”

వెళ్ళి పెద్దనాయనను అడిగాను. ఆయన అప్పటికే అన్నీ లెక్క చూసుకుని ఉన్నాడు. “కాళ్ళిచ్చిన, నోరిచ్చిన. కండ్లు నేనెప్పుడిచ్చిన? ఎవలి కండ్లు వాళ్ళయే. పోనంటె గుడిసె ఖాళీ జెయ్యమను” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మండితే ఏం చేశాను? ఆ మాట అక్షరం పొల్లుపోకుండా తీసుకెళ్ళి బసమ్మకు చెప్పాను. చేతకానివాడి కోపం అట్లాగే ఉంటుంది.

“సాకు చిన్న పటేలా” అంది. ఇక చాలని. “పోత. గాని ఒక్కటి. రుమాలు బెట్టేటప్పుడు చెప్పే మాట అందరి ముంగట పూర్తిగ చెప్పుమను. సగం మింగొద్దు.”

మంగళవారం పొద్దెక్కాక బోరంచ చేరాం. బసమ్మ ఎప్పటిలాగే నడిచి వచ్చింది, మేం కచ్చడం బండిలో. పెద్దనాయన బండిని గుడికి దూరంగా, పోచమ్మ కళ్ళకు సూటిగా పడకుండా ఒక పక్కన ఆపించాడు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చాయి, సిర్గాపూర్ నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. ఈరయ్య, లిదియా జనానికి అవతల నిలబడ్డారు. పిల్లలు తల్లి కొంగు పట్టుకుని ఉన్నారు.

పెద్దనాయన బండిలోనే కూర్చుని బసమ్మను దగ్గరికి పిలిచాడు. అమీన్ పక్కన నిలబడ్డాడు. ఎర్ర రుమాలు ఆమె నెత్తి మీద పెట్టి, ఊరంతా వినేలా అన్నాడు. “నా కాళ్ళు నీయి, నా నోరు నీది. నువ్వు నడిస్తె నేను నడిసినట్టు. నువ్వు చెప్తె నేను చెప్పినట్టు.” ఒక్క అక్షరం మింగలేదు.

బసమ్మ మీద అయిదు కడవల నీళ్ళు పోశారు. తడిచీర, తడిసిన రుమాలు, చేతిలో వేపకొమ్మ. పోచమ్మ ముందు నిలబడింది. అమీన్ కలం తీశాడు.

“అమ్మా నల్లపోచమ్మా, మాణిక్యప్ప పటేల్ వచ్చిండు” అని మొదలుపెట్టింది, ఇరవై ఏళ్ళుగా మొదలుపెట్టినట్టే. “ఈరయ్య చెల్క నాది అని అర్జీ పెట్టిన. గది నాది గాదు. ఆడ రాళ్ళు ఏరింది ఈరయ్య నాయిన. బాయి తవ్వింది ఈరయ్య, లిదియా. నీ దగ్గరికి మొక్కుకు వచ్చినప్పుడల్లా ఆ దారి పొంటి పొయ్యేటప్పుడు చూసిన. ఆ బాయి నీళ్ళు తాగిన. లిదియా చేతితోని తాగిన. వచ్చిన ప్రతిసారి తాగిన. నా మడిమలకు ఆముదం రాసింది గా తల్లే. ఆ చెల్క వాళ్ళది. ఇందుల అబద్ధముంటె కండ్లు పోనీ.”

అంతలో వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వి, “పటేల్ ఈరయ్య బాయిల నీళ్ళు తాగిండట” అన్నారు. అమీన్ మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. బసమ్మ మాట మారకుండా మళ్ళీ చెప్పింది.

పెద్దనాయన బండి దిగి పరుగెత్తుకొచ్చాడు. ఆ కంగారులో చెప్పులు బండిలోనే వదిలేశాడు. ఇరవై ఏళ్ళ యాత్రల్లో ఆయన ఒట్టి పాదం బోరంచ నేల మీద పడడం అదే మొదలు. నాలుగు అడుగుల్లోనే తుమ్మముల్లు దిగింది. ఒంటి కాలి మీద గెంతుతూ వచ్చి, “గది నా మాట గాదు. తిన్నింటి వాసాలు లెక్కబెడుతుంది” అన్నాడు.

అమీన్ కాగితం విప్పి చూపించాడు. “నీ దస్కత్ ఉన్నది పటేల్. ఇప్పుడే అందరి ముంగట చెప్పినవ్ గూడ.”

“చెల్లదు” అన్నాడు పెద్దనాయన.

జనంలో మా ఊరి భీమమ్మ ఉంది. డెబ్భై ఏళ్ళ ముసలిది, ఎవరికీ భయపడదు. ముందుకు వచ్చి నెమ్మదిగా అడిగింది. “చెల్లకుంటె చెల్లకపాయె పటేలా. మరి ఝరాసంగం పదకొండుసార్లు ఎవలు పోయిన్రు? కొడుకు పుడితె గుండు ఎవలు జేస్కున్నరు? నాలుగు కందికాయలకు నువ్వెందుకు నోరు కడుక్కున్నవ్?”

పెద్దనాయన దేవప్ప వైపు తిరిగాడు. ఏదో ఒక శాస్త్రం చెప్పమని ఆయన చూపు. పాపం దేవప్పకు ఆ పూట పెరుగన్నం దొరకలేదు. గొంతు సవరించుకున్నాడు. “చెల్లకుంటె మొక్కులన్నీ మల్ల తీర్చాలె పటేలా” అన్నాడు. ఆగి, ఇంకో మాట చేర్చాడు. “నడిసి.”

పెద్దనాయన తన పాదం వైపు చూసుకున్నాడు. ముల్లు ఇంకా అందులోనే ఉంది. అటు చూస్తే మూడెకరాలు, తియ్యటి నీళ్ళ బావి. ఇటు చూస్తే పదకొండు ఝరాసంగాలు, నాలుగు బీదర్లు, ఒక గుండు, జాతరలో మొదటి కొబ్బరికాయ. చాలాసేపు ఒంటి కాలి మీదే నిలబడ్డాడు.

“చెల్లుతది” అన్నాడు చివరికి. ఆ ఒక్క మాట మాత్రం తన నోటితోనే చెప్పాడు.

బసమ్మ రుమాలు పిండి, మడత పెట్టి, బండి నొగ మీద ఆరేసి వెళ్ళిపోయింది. అటు లిదియా పిల్లల్ని హత్తుకుని అందరి ముందూ ఏడ్చింది. ఈరయ్య ఏడవడానికి కూడా చేతగాక నేల వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికి వచ్చాక పెద్దనాయన మీద రెండో పిడుగు పడింది. ఆయన కిరస్తానోళ్ళ బావిలో నీళ్ళు తాగాడు కదా, అదీ బోరంచకు పోయిన ప్రతిసారీ. మా పెద్దమ్మ మూడు రోజులు ఆయన్ను వంటింటి గడప తొక్కనివ్వలేదు. విస్తరాకు అరుగు మీదికి వచ్చేది. ఏం తాగినా పటేల్ తాగినట్టే అని ఆ రోజు కొట్టం దగ్గర చెప్పింది ఆవిడే మరి.

అదే సాయంత్రం బసమ్మ గుడిసె ఖాళీ చేయించారు. ఒక చాప, ఒక కుండ, రెండు చీరలు. ఈరయ్య చెల్క గట్టున గుడిసె వేసి ఇచ్చాడు. ఆమె కులం చెడిందని ఊరి పెద్దలు కూర్చుని మాట్లాడబోతే, కబురు పంపింది. “పటేల్ తాగిన నీళ్ళే నేను తాగుతున్న. ముందుగాల పటేల్ సంగతి తేల్చున్రి.” పెద్దలు ఎటువాళ్ళటు లేచిపోయారు. నలభై రోజులదాకా ఊరంతా ఆమె కళ్ళకేసి చూస్తూనే ఉంది. ఆమె నలభై ఒకటో రోజు చెట్టు కింద కూర్చుని సూదిలో దారం ఎక్కించుకుంటోంది.

మరుసటి వానాకాలం పెద్దనాయనకు మళ్ళీ చలిజ్వరం వచ్చింది. ఈసారి ఏ దేవుడి పేరూ ఎత్తలేదు. దవాఖాన మందు ఒక్కటే మింగాడు, దానికే తగ్గింది.

కందులు కోసిన నెలలో ఒకరోజు నేను చెల్క వైపు వెళ్ళాను. వెళ్ళాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నాను, కాళ్ళు రాలేదు. బసమ్మ గట్టు మీద కంది కట్టెలు పేరుస్తోంది. “మొన్న మంగళారం బోరంచ పోయొచ్చిన” అంది.

“ఎవలి మొక్కు?”

“పూజారి గూడ గదే అడిగిండు. ఎవలి పేరు మీద అన్నడు. జరసేపు నా పేరు నాకే యాదికి రాలే. మల్ల బసమ్మ అన్న.”

“ఏం మొక్కినవ్?”

“ఏం లే. ఇరవై ఏండ్లు పోయిన, ఒక్కనాడు ఆడ కూసోలే. కాయ గొట్టుడు, పటేల్ పేరు చెప్పుడు, మల్ల నడుసుడు. ఈసారి పొద్దుమీకెదాక కూసున్న. అమ్మ మొకం మంచిగుంటది చిన్న పటేలా, నేనెన్నడు సక్కగ సూడలే.”

అర్జీ గురించి ఏదో ఒకటి చెప్పాలని వెళ్ళాను. కంది కట్టెలు అందిస్తూ ఉండిపోయాను. ఆ మాట ఆమె కూడా ఎత్తలేదు. నన్ను కూర్చోమని, లిదియాను కేక వేసింది. లిదియా చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. నేను చెంబు అందుకున్నాను. దారికి అటు చూశాను, ఇటు చూశాను. ఎవరూ లేరు. తాగేశాను.

బసమ్మ నా వైపే చూస్తోంది. నవ్వింది.

“మొదటిసారి నేను గూడ గట్లనే సూసిన” అంది. “రెండోసారికి మెడ తిప్పే పని ఉండది.”

ఆ రెండోసారికి నాకు మూడేళ్ళు పట్టింది.